పెద్దక్క విన్న పదిహేడు ఫైళ్లు

చిన్నక్క అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఇరవై మూడేళ్ల కిందట ఆ గదిలో ఆమె చేరేనాటికే అక్కడొక అక్క ఉండేది. గుమ్మంలోంచి ఎవరు "అక్కా" అన్నా ఇద్దరూ తల తిప్పుతున్నారని, పై అంతస్తు గుమాస్తా ఒకాయన ముందునుంచీ ఉన్నామెను పెద్దక్కను చేసి, కొత్తగా వచ్చినామెను చిన్నక్కను చేశాడు. ఆయన రిటైరై వెళ్లిపోయాడు, పేర్లు మాత్రం ఉండిపోయాయి. ఇప్పుడు చిన్నక్కకు యాభై రెండేళ్లు. పొద్దున లేస్తే మెడ పట్టేస్తుంది, మెట్లెక్కితే మోకాళ్లు కలుక్కుమంటాయి. అయినా చిన్నక్కే.

వాళ్లిద్దరి ఉద్యోగం వినడం. పనిలో దెబ్బతిన్న కార్మికుల కేసులు విచారించే కార్యాలయం అది. పై అంతస్తులో అధికారి ప్రశ్నలడుగుతాడు, ఎదురుగా కూర్చున్న మనిషి జవాబు చెబుతాడు, బల్ల మీది మైకు అంతా రికార్డు చేసుకుంటుంది. ఆ రికార్డింగు ఫైలుగా కింది గదికి వస్తుంది. చెవులకు హెడ్‌ఫోన్లు, పాదం కింద పెడల్. పెడల్ నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమతో తడితే నాలుగు సెకన్లు వెనక్కి పోతుంది. విన్నది విన్నట్టు టైపు చేయాలి. మూడుసార్లు విన్నా అర్థం కాకపోతే అక్కడ నిమిషం, సెకను వేసి "వినబడలేదు" అని రాయాలి. కాగితం చివర "నేను విన్నదే రాశాను" అని సంతకం పెట్టాలి. ఆ కాగితాలు చూసే పైవాళ్లు తీర్పు రాస్తారు. అసలు రికార్డింగులో ఏముందో మళ్లీ వినే ఓపిక ఎవరికీ ఉండదు.

చిన్నక్క భర్త బస్సుల డిపోలో మెకానిక్కు. మాట పెగలని మనుషుల మధ్య పుట్టి ఆ బాకీ అంతా తానే తీర్చేవాడిలా మాట్లాడతాడు. సాయంత్రం ఆమె వచ్చి కుర్చీలో కూలబడగానే మొదలుపెడతాడు. "అదేంటోయ్, ఊళ్లోవాళ్ల మాటలు జీతం తీసుకుని మరీ వింటావు. నేను ఊరికే చెప్తానంటే మాత్రం చెవికెక్కదు" అంటాడు. ఒకప్పుడైతే దీటుగా జవాబిచ్చేది. ఈ మధ్య నవ్వడానికి కూడా ఓపిక ఉండటం లేదు. ఊఁ అంటుంది, అంతే.

ఓపిక ఎక్కడికి పోయిందో ఆమెకు బాగా తెలుసు. రెండేళ్లుగా పెద్దక్కకు సరిగా వినబడటం లేదు.

ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనలేదు. పెద్దక్క కాగితాల్లో "వినబడలేదు"లు ఒక్కొక్కటిగా పెరిగాయి. ఒక పేజీలో రెండుండేవి నాలుగయ్యాయి, నాలుగు ఏడయ్యాయి. చిన్నక్క చూసింది. మర్నాటి నుంచి పావుగంట ముందే వచ్చి, ఫైళ్ల జాబితా తానే విడదీయడం మొదలుపెట్టింది. గొంతు ఖంగుమనేవి, నిదానంగా చెప్పేవి అటువైపు. పంకా హోరులో మునిగినవి, గొణిగేవి, చెబుతూ చెబుతూ ఏడ్చేవి తనవైపు. పెద్దక్క ముగించిన కాగితాల్లో అక్షర దోషాలు చూస్తానన్న వంకతో ఖాళీలు కూడా తానే విని పూరించేది. ఒక మనిషి జీతానికి ఒకటిన్నర మనిషి పని. పెద్దక్కకు ఇది తెలుసా అంటే, తెలిసినట్టూ ఉండేది కాదు, తెలియనట్టూ ఉండేది కాదు.

ఎందుకింత మోత అని అడిగేవాళ్లుంటే చిన్నక్క చెప్పడానికి చాలా ఉంది. ఆమెకు పెడల్ మీద పాదం ఎలా ఆనించాలో నేర్పింది పెద్దక్క. కూతురు పుట్టి ఆరు నెలలు ఒళ్లు బాగోక సగం రోజులు సెలవు పెడితే, ఆ ఫైళ్లన్నీ నోరెత్తకుండా చేసిపెట్టింది పెద్దక్క. తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ ఒక ఒడ్డుకు చేర్చి, తాను మాత్రం పెళ్లీ గిళ్లీ లేకుండా రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండిపోయిన మనిషి. ఆమెకు ఇల్లంటే రాత్రి పడుకునే చోటు, ఆఫీసంటే బతుకు. "పెద్దక్కకు వినబడకపోతే అది మాటే కాదు" అని పైవాళ్లు అనేవారు ఒకప్పుడు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. ఈలోపు చెవుల సంగతి బయటపడితే వైద్య పరీక్షకు పంపుతారు. ఉద్యోగానికి పనికిరాదని రాసి ముందే ఇంటికి పంపేస్తారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు చివర ఆ ఒక్క ముక్క పడుతుంది. ఆ ముక్క పడకుండా ఎనిమిది నెలలు లాగితే చాలని చిన్నక్క పంతం. పంతమైతే ఉంది, ఒళ్లే సహకరించడం లేదు.

అలాంటి రోజుల్లో సూపరింటెండెంటు గారు ఒక అట్టపెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు.

ఆయన చెడ్డవాడు కాదు. పైనుంచి కాగితం వస్తే మాత్రం వణికిపోయే రకం. చిన్నక్క ఎంత పూరించినా, మూడు నెలలుగా "వినబడలేదు"లు ఎక్కువయ్యాయని పైనుంచి కాగితం వచ్చింది. లోపం మనుషుల్లో ఉంటుందని ఆయనకు తట్టనే లేదు, అదే ఆయన మంచితనం. సామాన్లలో ఉందనుకున్నాడు. ఆయన అల్లుడికి పాటల పిచ్చి. మామగారి కష్టం విని, చప్పుడు పెంచి వినిపించే హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ ఒకటి చెప్పాడు.

"దీని పేరు చెబితే జనం చెవులు కోసుకుంటారటమ్మా" అన్నాడు సూపరింటెండెంటు గారు అట్ట విప్పుతూ. "పాటలు రికార్డు చేసేవాళ్లు దీన్ని కళ్లకద్దుకుంటారట. ఖరీదు మాత్రం అడక్కండి. మన ముగ్గురి జీతాలూ కలిపినా చాలవు."

బయటికి తీస్తే ఇస్త్రీ పెట్టెంత బరువున్న నల్ల డబ్బా. ముందు ఒక పెద్ద వాల్యూమ్ నాబు, దాని పక్కన కందిగింజంత పసుప్పచ్చ దీపం. ఫైలు ఆడే యంత్రానికీ హెడ్‌ఫోన్లకూ మధ్య దీన్ని పెట్టాలి. అప్పటిదాకా ఆ పని చేస్తున్నవి బల్లల కింద బిగించిన చిన్న రేకు డబ్బాలు, ఆఫీసు పుట్టినప్పటివి.

"పదిహేను రోజులు వాడి చూడమన్నారు. బాగుంటే రెండు కొందాం, లేకపోతే తిప్పి పంపేద్దాం. మీరిద్దరూ విని చూడండి. అభిప్రాయం మాత్రం చిన్నక్కగారూ, మీరు రాసివ్వాలి. పెద్దక్కగారు ఎలాగూ ఎనిమిది నెలల్లో వెళ్లిపోతారు కదా."

పెద్దక్క తల ఊపి నవ్వింది. ఆయన అన్నది వినబడి నవ్విందో, ఆయన పెదాలు నవ్వుతున్నాయని నవ్విందో చిన్నక్కకు తెలియలేదు.

మొదటి రోజు చిన్నక్క తానే వాడింది. వినగానే ఒళ్లు ఝల్లుమంది. సాక్షి గొంతు ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. మధ్యాహ్నం దాకా ఆహా ఓహో అనుకుంటూ పని చేసింది. ఆ తర్వాత, ఇరవై మూడేళ్ల చెవి కదా, దానికి అనుమానం వచ్చింది. ప్రతి రికార్డింగు మొదట్లో మైకు సరిచూసుకునే బీప్ కూత ఒకటి ఉంటుంది. ఆ కూతను పాత డబ్బాలో విని, కొత్త పెట్టెలోనూ అంతే గట్టిగా వినబడేదాకా నాబు కిందికి తిప్పింది. తిప్పి మళ్లీ అదే సాక్షిని విన్నది. పొద్దుటి ఆనందంలో ముప్పాతిక వంతు అక్కడే దిగిపోయింది. కొత్త పెట్టె గట్టిగా వినిపించింది, తాను దాన్ని బాగా అనుకుంది. అంతే సంగతి.

అయినా ఆ ఒక్క పూటతో తేల్చేయడం ఆమె పద్ధతి కాదు. నిరుడు తాను చేసిన ఫైళ్లలో అయిదు ముదురు ఫైళ్లు ఏరింది. అయిదింటిలోనూ కలిపి తాను పెట్టిన "వినబడలేదు"లు నలభై ఒకటి. పాత కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేసి, మూడు రోజులపాటు వాటిని కొత్త పెట్టెలో మళ్లీ విని మళ్లీ రాసింది. సొరుగు తీసి లెక్క చూస్తే నలభై. ఆ తగ్గిన ఒకటీ పెట్టె పుణ్యం కాదు, ఆ మాటను ఆమె నాలుగోసారి విన్నది కాబట్టి. మైకు పట్టుకోని మాటను ఏ పెట్టె మాత్రం ఎక్కణ్నుంచి తెస్తుంది? పంకా హోరు మాత్రం ఎంత శుభ్రంగా వినబడిందంటే, లోపల ఏదో గరగరమంటోందని కూడా తెలిసింది. భర్తకు నోటితో ఆ చప్పుడు చేసి చూపిస్తే, "బేరింగు అరిగింది, గ్రీజు పెట్టమను" అన్నాడు. అంత ఖరీదు పెట్టి ఆఫీసు తెలుసుకున్న విషయం అదొక్కటే.

నాలుగో రోజు సాయంత్రం, ఇళ్లకు వెళ్లేముందు, ఆ పెట్టెను పెద్దక్క బల్ల మీదికి మార్చింది. పెద్దక్క హెడ్‌ఫోన్ల పిన్ను బల్ల కింది పాత డబ్బాలోంచి పీకి తానే కొత్తదానిలో గుచ్చింది. పెద్దక్క పది నిమిషాలు విన్నది. ఆమె మొహం వెలిగింది.

"ఏమే చిన్నదానా, వీడు పక్కన కూర్చుని చెప్తున్నట్టుందే!"

"గట్టిగా ఉందేమో అక్కా, అంతే."

"గట్టి కాదే. ముత్యాల్లా ఉన్నాయి మాటలు" అని నాబును ఇటు తిప్పి అటు తిప్పి మురిసిపోయింది పెద్దక్క. ఆ మురిపెం చూసి చిన్నక్క ఊరుకుంది. ఆ మనిషి అలా మురిసి ఎన్నాళ్లయింది!

మర్నాటి నుంచి గదిలో ఒక వింత మొదలైంది. పెద్దక్క ఫైళ్లలో "వినబడలేదు"లు రాలిపోయాయి. తేలిక ఫైళ్లలోనే పాతికా ముప్పై పెట్టే మనిషి ఆరు పెట్టింది. తర్వాతిదానిలో నాలుగు. చిన్నక్క కాగితాలు తిరగేసింది. మాటలు వరుసగా, ఎక్కడా తడుముకోకుండా ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఆమె మెచ్చుకున్న పెద్దక్క వాక్యాలే, అచ్చం ఒకప్పటివి. మూడో రోజు పెద్దక్కే అడిగింది. "అటుపక్కవి కూడా కొన్ని ఇటివ్వవే. ఎప్పుడూ గొణిగేవాళ్లంతా నీకే పడుతున్నారు." చిన్నక్క ఆమె మొహంలోకి చూసింది. అంటే ఇన్నాళ్లూ తెలుసన్నమాట. ఇద్దరూ చూపులు తిప్పుకున్నారు. చిన్నక్క రెండు ముదురు ఫైళ్లు అటు జరిపింది.

ఆ వారం ఆమె రెండేళ్ల తర్వాత మొదటిసారి వేళకు పని ముగించింది. ముగించి ఏం చేయాలో తోచక కిటికీ అద్దాలు తుడిచింది. ఇంటికి వెళ్లి వెలుతురు ఉండగానే స్నానం చేసింది. భర్త డిపోలో ఇంజను దించిన కథ చెబుతుంటే మధ్యలో, "మరి ఆ బోల్టు దొరికిందా?" అని అడిగింది. ఆయన ఆగిపోయి, "అమ్మో, వింటున్నావే!" అన్నాడు. ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయింది. ఇలా ఎనిమిది నెలలు గడిస్తే చాలు, తర్వాత ఆ పెట్టెను గిన్నెలు బోర్లించుకోవడానికి వాడుకున్నా తనకు అభ్యంతరం లేదనుకుంది.

అభిప్రాయం రాయాల్సిన రోజు వచ్చింది. "కొనవచ్చు" అని రాయడానికి చిన్నక్క మనసు సిద్ధంగా ఉంది. తన చెవులకు అది చేసిందేమీ లేదు. అయినా ఒకరికి పనికొస్తే పనికొచ్చినట్టే కదా. పైగా ఇందులో తన స్వార్థం కూడా ఉంది, ఆ సంగతి తనకు తెలుసు. అందుకే ఊరికే రాయకుండా, పెద్దక్క ఆ నాబు ఎంతమీద పెట్టి వింటుందో, అక్కడ గొంతులు ఎలా ఉంటాయో ఒకసారి విని రాద్దామనుకుంది. మధ్యాహ్నం భోజనాల వేళ, పెద్దక్క చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, ఆమె కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

పెడల్ నొక్కింది. గొంతు వచ్చింది. ఫరవాలేదు, మామూలుగానే ఉంది. నాబు కొంచెం పెంచింది. తేడా లేదు. ఇంకొంచెం పెంచింది. అప్పుడూ లేదు. ఈసారి సున్నా దాకా తగ్గించింది. గొంతు తన మానాన తాను చెప్పుకుపోతూనే ఉంది.

చిన్నక్క వంగి హెడ్‌ఫోన్ల తీగ పట్టుకుని, అది ఎటు పోతోందో చేత్తో తడుముతూ వెళ్లింది. తీగ బల్ల అంచు దాటి కిందికి దిగి, పాత రేకు డబ్బాలోకి దూరింది. పైన కొత్త పెట్టె దీపం వెలిగించుకుని వెచ్చగా కూర్చుంది. దానికి ఎవరి చెవితోనూ సంబంధం లేదు.

ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాలేదు. గది తుడిచే ఆవిడ పొద్దున్నే తీగలన్నీ పీకి, నేల తడిగుడ్డ పెట్టి, మళ్లీ ఎక్కడివక్కడ గుచ్చుతుంది. పదేళ్లుగా ఆ పిన్ను ఏ బొక్కలో ఉందో ఆ బొక్కలోనే గుచ్చింది. ఆవిడ తప్పేముంది? చిన్నక్కైతే రోజూ సాయంత్రం హెడ్‌ఫోన్లు సొరుగులో పెట్టి, పొద్దున తానే గుచ్చుకునేది. మొదటి సాయంత్రం ఆ పది నిమిషాలు తప్ప, ఆరు రోజులుగా పెద్దక్క విన్నది పాత డబ్బాలోనే. మరి ఆ "వినబడలేదు"లు ఎక్కడికి పోయినట్టు?

చిన్నక్క, పెద్దక్క పొద్దున ముగించిన కాగితం దగ్గరికి లాక్కుంది. ప్రెస్సు యంత్రం మీద పనిచేస్తూ మూడు వేళ్లు పోగొట్టుకున్న మనిషి వాంగ్మూలం అది. చెయ్యి లోపలికి పోకుండా యంత్రానికి అడ్డు రేకు ఉందా అని అధికారి అడిగాడు. దానికి జవాబు పెద్దక్క కాగితంలో నున్నగా ఉంది: "ఉంది సార్. చేతికి అడ్డమొస్తోందని నేనే తీసి పక్కన పెట్టాను." చిన్నక్క ఆ నిమిషం దగ్గరికి వెళ్లి విన్నది. పంకా హోరు. మళ్లీ విన్నది. హోరులో ఎక్కడో మనిషి గొంతు ఉన్నట్టుంది, మాట లేదు. పిన్ను కొత్త పెట్టెలోకి మార్చి విన్నది. బేరింగు గరగర బాగా తెలిసింది. మాట అక్కడా లేదు.

పెద్దక్క అబద్ధం రాయలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ప్రశ్నకు నూటికి తొంభైమంది ఆ జవాబే చెప్పారు. గొప్ప పేరున్న పెట్టె ఎదురుగా ఉంది, అన్నీ వినిపిస్తుందని అందరూ అన్నారు, కాబట్టి వినబడింది. చెవి అందించని చోట తలే అందించింది. ఆ రాసిన ఒక్క ముక్కతో ఆ మనిషి కేసు పోతుంది. తన రేకు తానే తీసుకున్నవాడికి పరిహారం ఎవరిస్తారు? కింద సంతకం ఉంది, గుండ్రంగా, ఎప్పటిలాగే. ఇలాంటివి పదిహేడు ఫైళ్లు. పదహారు అప్పటికే పైకి వెళ్లిపోయాయి.

చిన్నక్కకు మొదట వచ్చింది కోపం. పెద్దక్క మీద కాదు. ఈ తీగను చూడకుండా ఉంటే ఏం పోయేది అని తన మీద. కాగితం మీద "కొనవచ్చు" అని రాసి పడేస్తే వారానికో నాలుగు నిద్రలు దక్కేవి కదా అని. ఆ తర్వాత, రేకు తీసేశానని చెప్పని ఆ వేళ్లు లేని మనిషి గుర్తొచ్చాడు. అతని మొహం ఆమెకు తెలియదు, గొంతు మాత్రం తెలుసు.

పెద్దక్క చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తన కుర్చీలో చిన్నక్కను చూసి నవ్వింది.

"ఏమే, నా పెట్టె మీద కన్ను పడిందా?"

చిన్నక్క లేచి, పిన్ను ముందున్నట్టే పాత డబ్బాలోకి మార్చి, కుర్చీ ఆమెకిచ్చింది. మొహం ఎదురుగా పెట్టి, పెదాలు కనబడేలా అడిగింది. "అక్కా, ఈ అడ్డు రేకు మాట నువ్వు విన్నావా?"

"వినకుండా రాస్తానా? స్పష్టంగా విన్నాను."

"ఒకసారి మళ్లీ పెట్టుకో. పెట్టుకుని ఆ నాబు సున్నా చెయ్యి."

పెద్దక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెడల్ నొక్కింది. నాబు సున్నాకు తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ పైదాకా తిప్పింది, మళ్లీ కిందికి తిప్పింది. బల్ల కిందికి వంగి చూసింది. లేచి హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించుకుంది.

"ఎప్పట్నించి?"

"రెండో రోజు పొద్దున్నుంచి అక్కా. తుడిచే ఆవిడ మార్చేసింది."

పెద్దక్క తాను రాసిన కాగితం దగ్గరికి లాక్కుంది. తర్వాత, తనలో తాను అనుకుంటున్నట్టు, "మరి నాకు వినబడింది ఎవరి గొంతే?" అంది.

చిన్నక్కకు ఏడుపొచ్చింది. పెద్దక్క ఏడవలేదు. పిన్ను తీసి తానే కొత్త పెట్టెలో గుచ్చి, ఆ ఫైలు మొదటి నుంచి విన్నది. ఈసారి ఎక్కడ తెలియకపోతే అక్కడ వేలు పైకెత్తింది, చిన్నక్క గీత గీసింది. ఇరవై నిమిషాల ఫైలుకు ముప్పై మూడు గీతలు.

"దీనివల్ల కూడా కాదు" అంది పెద్దక్క హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెడుతూ. "పద, ఆయన దగ్గరికి."

"ఉండక్కా. ఆ పదిహేడూ నేను కూర్చుని సరిచేస్తాను. ఏదో ఒకటి చెప్పి పైవి కిందికి తెప్పిస్తాను. ఎవరికీ..."

"రెండేళ్లు చేశావు. నీ మొహం అద్దంలో చూసుకున్నావా? పద."

సూపరింటెండెంటు గారు మొత్తం విన్నాడు. మధ్యలో రెండుసార్లు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎనిమిది నెలలమ్మా, చూసీ చూడనట్టు నేను ఊరుకునేవాణ్ణి కదా అన్నట్టుంది ఆయన చూపు. ఫైళ్లు వెనక్కి రప్పించాలంటే కారణం రాయాలి. ఆయన కలం పట్టుకుని కాసేపు గాల్లో ఆడించాడు. తర్వాత ఆయన మొహం తేటపడింది.

"పెట్టె సరిగ్గా పనిచేయలేదని రాసేద్దాం. ట్రయల్లో ఉన్న సామాను కదా, పొరపాటు దానిది. మీ పేరు రాదు. చిన్నక్కగారూ, మీ అభిప్రాయంలోనూ అదే రాయండి. సరిపోయింది."

చిన్నక్క మనసు ఒక్కసారి అటు దూకింది. పెట్టెకు నోరుందా, వచ్చి కాదంటుందా? అమ్మేవాడు తీసుకెళ్లిపోతాడు. పెద్దక్క సర్వీసు పుస్తకం తెల్లగా ఉంటుంది. ఆమె పెద్దక్క వైపు తిరిగి, ఆయన అన్నది నెమ్మదిగా, పెదాలు కదిపి చెప్పింది. చెబుతూ ఆశగా చూసింది.

పెద్దక్క తల అడ్డంగా ఊపింది. "నేను దాన్ని వాడనే లేదు సార్. పాపం దాని మీదెందుకు వేస్తారు? రేపు ఇంకో ఆఫీసువాళ్లు కొందామనుకుంటే మీ కాగితం చూసి మానేస్తారు. అది మంచి పెట్టే. పాటలు వినేవాళ్లకు బాగుంటుంది."

"కానీ అమ్మా, మీ..."

"నా చెవులు పోయాయి సార్. అదే రాయండి. ఆ వేళ్లు పోయినతను అనని మాట అన్నాడని రాశాను. నేను పరువు చూసుకుంటే అతనికేం మిగుల్తుంది?"

ఆయన రాయలేక కలం చిన్నక్క చేతికిచ్చాడు. ఆమె రాసింది. పదిహేడు ఫైళ్లు వెనక్కి పంపవలసిందిగా ఒక కాగితం, పెట్టె మీద అభిప్రాయం ఇంకో కాగితం. రెండోదానిలో ఇలా ఉంది: ఈ ఆంప్లిఫయర్‌కు ఉన్న పేరు అబద్ధం కాదు. శబ్దం శుభ్రంగా ఉంటుంది. రికార్డులో ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది. రికార్డులో లేనిది, మనిషి చెవికి అందనిది ఇది తేలేదు. మన పనికి అక్కర్లేదు. మైకు సాక్షికి ఇంకో మూర దగ్గరగా జరిపి, పంకా బేరింగు మార్పించవలసిందిగా కోరుతున్నాను.

పెద్దక్కను ఫైళ్లు సరిచేసేదాకా ఉండి, తర్వాత మిగిలిన సెలవులన్నీ పెట్టేసి ఇంట్లో ఉండమన్నారు. అంతకన్నా మర్యాదగా ఎవరూ చేయలేరు. పెట్టెను సూపరింటెండెంటు గారు మళ్లీ చంకలో పెట్టుకుని పట్టుకుపోయాడు. బరువుకు ఒక పక్కకు ఒరిగి నడిచాడు.

పదిహేడు ఫైళ్లకు ఆరు రోజులు పట్టింది. చిన్నక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేది, పెద్దక్క వైపు తిరిగి గట్టిగా చెప్పేది, పెద్దక్క టైపు చేసేది. వేళ్లు మాత్రం ఇప్పటికీ ఆ ఆఫీసులో ఆమెవే వేగం. ప్రెస్సు యంత్రం మనిషి జవాబు దగ్గర "వినబడలేదు" అని వేసి, మళ్లీ పిలిచి అడగవలసిందిగా పక్కన రాశారు. సంతకం ఇద్దరూ పెట్టారు. రోజూ సాయంత్రానికి చిన్నక్క గొంతు బొంగురుపోయేది. ఇంటికెళితే భర్త, "నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంటాగా" అని ఆ రోజు తన వంతూ ఆమె వంతూ కలిపి మాట్లాడేవాడు. ఆమె కళ్లు మూసుకుని వినేది. రెండేళ్లుగా తాను కోరుకున్నది ఈ బరువు దిగడమే. తీరా దిగుతుంటే, రోజుకు మూడు ఫైళ్లు కాకుండా రెండే చేద్దామా అని దొంగలెక్కలు వేసుకుంది.

చివరి ఫైలు ఆరో రోజు నాలుగింటికి అయిపోయింది. సాక్షి, "ఇంక చెప్పేదేం లేదు సార్" అన్నాడు. చిన్నక్క ఆ మాట పెద్దక్కకు చెప్పింది, పెద్దక్క టైపు చేసింది. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు చప్పుడు. చిన్నక్క హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"అయిపోయిందక్కా" అంది.

పెద్దక్క తెర వైపే చూస్తోంది. వీపు నిటారుగా పెట్టి, పది వేళ్లూ కీల మీద ఆనించి, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తోంది.

"అక్కా, అయిపోయింది" అని ఇంకా గట్టిగా అంది చిన్నక్క. పెద్దక్క కదల్లేదు.

చిన్నక్క లేచింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. రెండు బల్లల మధ్య నుంచి చుట్టూ తిరిగి వెళ్లి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు పెద్దక్క వేళ్లు కీల మీద నుంచి తీసింది.